డబ్బా మీది అంకె

కెమియార్విలో ఆ పొద్దున మైనస్ ఇరవై తొమ్మిది.
చలిని వెంటేసుకుని లోపలికొచ్చాడు ఇల్పో.
చంకలో, దుప్పటి ముక్కలో చుట్టిన ఇనుము,
జ్వరమొచ్చిన పిల్లను ఆస్పత్రికి తెచ్చినట్టు.

కౌంటర్ మీద విప్పాడు.
టర్బో గుల్ల. నత్తగుల్ల మెలిక.
దానికి బిగించే డౌన్‌పైపు, మోచేయంత వంపు.
పోయినేడు వేసిన నల్లరంగు
పాము కుబుసంలా లేచిపోయి ఉంది.

"ఎరుపు కావాలి సోయిలీ" అన్నాడు.
"వచ్చే ఆదివారం సరస్సు మీద పందెం.
బానెట్ ఎత్తితే ఊరంతా చూడాలి."

ముప్ఫై ఒక్క ఏళ్లుగా రంగులమ్ముతున్నాను,
పడవలకు, కిటికీలకు, ఆవిరిగది పొయ్యిలకు,
ఒకసారి శవపేటికకు కూడా.
ఎవరూ డబ్బా వెనక్కి తిప్పరు.
ముందువైపు బొద్దుగా ఆరువందల యాభై డిగ్రీలు.
వెనక, చీమతలకాయంత అక్షరాల్లో, కాసేపు మాత్రమే.
ఆ కాసేపు ఎంతో రాసినవాడు
నీ బానెట్ కింద కూర్చోడు.

"రాత్రి తోలి ఆపాక ఏ రంగులో ఉంటుందిది?"
"లింగన్‌బెర్రీ" అన్నాడు.
కాస్త ఆగి, "గట్టిగా తొక్కితే క్లౌడ్‌బెర్రీ."

బురదనేలల్లో మాగే ఆ నారింజవన్నె పండు
తలుచుకుంటేనే నాకు చెమట పట్టింది.
మా నాన్న తోర్నియో ఉక్కు ఫ్యాక్టరీలో పాతికేళ్లు,
కంటితో వేడి కొలిచిన మనిషి.
ఎరుపైతే ఏడొందలు, నారింజైతే తొమ్మిదొందలు,
పసుపైతే లెక్క మాని వెనక్కి దూకు, అనేవాడు.

ఇనుమే తన రంగు తాను పూసుకుంటుంటే
నా ఎరుపు దానికెందుకు?

సెరామిక్ పూత ఉంది. ఔలు పంపాలి,
మూడు వారాలు, నాలుగొందల యూరోలు.
ఇల్పో జేబు నాకు తెలుసు.
పట్టీ చుట్టొచ్చు. కానీ పోత ఇనుము
పట్టీ కింద నెర్రెలిస్తుంది, కట్టు కింద పుండులా,
విప్పేదాకా కబురుండదు.

ఒకటి చెప్పాలి. ఎనిమిదేళ్ల కింద
అర్వోకి నేనే ఒక డబ్బా ఇచ్చాను.
పందెం గీత దగ్గరే బానెట్‌లోంచి పొగ,
జనం నవ్వు. రంగు మాత్రమే కాలింది, కారు కాదు.
అయినా అర్వో ఇప్పటికీ
నా కొట్టు రాగానే రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాడు.
ఆ రోజు నేనూ ముందువైపే చదివాను.

"గుల్లను వదిలెయ్. తుప్పే దాని చొక్కా.
పైపుకి మాత్రం ఇది" అని బూడిదరంగు తీశాను.
నివురు.
నిప్పు పుట్టినప్పట్నించీ
దాని మీద నిలిచిన రంగు అదొక్కటే.

"పాతది ఇసుకతో కొట్టించు, తళుక్కుమనాలి.
తర్వాత ఒట్టి చేత్తో ముట్టకు, వేలి జిడ్డు
రంగు కిందినుంచి కాలి పైకొస్తుంది.
పలచగా పూయి. మీగడ కాదు, మజ్జిగతేట.
తలుపు తీసి పెట్టి పది నిమిషాలు ఇంజిన్ తిరగనీ,
చల్లారనీ. మళ్లీ ఇరవై. చల్లారనీ.
మూడోసారి రోడ్డెక్కు."

"ఈ చలికి రంగు పడుతుందా?"
"పూసేముందు రాత్రంతా ఆవిరిగదిలో ఉంచు."
"అమ్మ తిడుతుంది."
"తిట్టనీ."

చిల్లర లెక్కపెట్టి ఇచ్చాడు.
గుమ్మం దాకా వెళ్లి, వెనక్కొచ్చి,
అరలోంచి చిన్న ఎర్రడబ్బా ఒకటి తీసుకున్నాడు.
దేనికని అడగలేదు నేను.

ఆదివారం మంచు మీద ఏడోవాడుగా వచ్చాడు.
బానెట్ ఎత్తితే వంగి చూశాను.
గుల్ల మట్టిరంగులో, పైపు బూడిదలో,
ఆయిల్ మూత ఒక్కటీ పెళ్లికూతురంత ఎర్రగా.
పైపు వంపు దగ్గర మాత్రం
కాలి అచ్చుపడిన బొటనవేలి ముద్ర.

"ముట్టొద్దన్నానా?"
గ్లవ్స్ సర్దుకుంటూ సరస్సు వైపు చూశాడు.
"నాది కాదు. అమ్మది.
స్నానానికెళ్తూ బయట పెట్టింది."